ఇంటి ముందు ఇద్దరు

మార్చి 9
విమాన పరిశీలన కార్యాలయం

బోగ్నార్ వెండెల్ గారికి నమస్కారాలు.

ఎవరూ ఆయుధాలు దాచుకోవడం లేదని దేశాలు ఒకరి నేల మీద ఒకరు ఎగిరి చూసుకునే ఒప్పందం ఒకటుంది. ఆ విమానం ఏటా మీ ఆప్రికాట్ తోట మీదుగా పోతుంది. పాత కెమెరాకు తోడుగా ఈసారి వేడిని చూసే కెమెరా బిగించి, మొన్న పరీక్షించాం. మీ ఇంటి ముందు ఇద్దరున్నట్టు పాతది చూపింది. కొత్తది ఒక్కరినే చూపింది. రెండూ ఒకే మాట చెబితే తప్ప పరాయి దేశాల తనిఖీవాళ్లు సంతకం పెట్టరు. నా మూడేళ్ల పని అక్కడే ఆగిపోయింది. ఆ పూట మీ ముంగిట ఎంతమంది ఉన్నారో దయచేసి తెలపండి.

విధేయుడు,
మేజర్ సలోకి టివదార్

తా.క. మీ ముఖాలు మాకు కనబడవు, భయపడకండి. ముప్ఫై సెంటీమీటర్ల కన్నా చిన్నది చూడకూడదని నియమం. అందుకే బాగా కనబడే కెమెరా కొనుక్కుని, కనబడకుండా ఉండేందుకు ఇంకా పైకెగురుతాం.

మార్చి 14

మేజరుగారికి వెండెల్ గారి భార్య రాయునది.

మా ఆయన కలం పట్టే స్థితిలో లేరు, నేనే రాస్తున్నాను. ఆ పూట ఇద్దరమే. ఆయన కోటూ టోపీతో చెట్టు పక్కన, నేను గుమ్మం దగ్గర. వేడి కనబడలేదంటే మీ కెమెరాను తిట్టకండి. ఆయన ఒళ్లు మొదట్నించీ చల్లనే. పెళ్లయిన కొత్తలో ఆ పాదాలు తగిలి కెవ్వుమన్నాను. చలికాలమంతా ఇటుక కాల్చి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టేదాన్ని. ఇద్దరని రాసుకోండి, మీ పని అయిపోతుంది.

ఇట్లు,
బోగ్నార్ వెండెల్ భార్య

తా.క. నవంబరు తర్వాత మాకు పోస్టులో వచ్చినవి రెండే, విత్తనాల కంపెనీ జాబితా, మీ ఉత్తరం. మీదే బాగుంది. మూడుసార్లు చదివాను.

మార్చి 18

అమ్మా, నమస్కారం.

మీ ఉత్తరం మా డాక్టరుకు చూపించాను. మేం ఆరుసార్లు తిరిగాం. నలభై నిమిషాల్లో మీ ఆయన అడుగు కూడా కదపలేదు. ఒంటి వేడి పక్కనున్న చెట్టుకెంతో ఆయనకంతే. బతికున్న మనిషికి అది కుదరదని డాక్టరు అంటున్నాడు. శుక్రవారం అంబులెన్సు పంపుతున్నాను. తనిఖీవాళ్లలో నార్వే ఆయన మాత్రం అది దిష్టిబొమ్మ అంటున్నాడు. రబ్బరుతో ఉత్తుత్తి యుద్ధ ట్యాంకులు నిలబెట్టి విమానంలోంచి చూసేవాళ్లను బోల్తా కొట్టించడం మా వృత్తిలో పాత విద్యే. కానీ ఆప్రికాట్లు పండించుకునేవాళ్లు ఎవర్ని మోసం చేస్తారని వాదించాను.

మేజర్ సలోకి

తా.క. ఆయన్ని దయచేసి లోపల పడుకోబెట్టండి. బయట మంచు కురుస్తోంది.

మార్చి 22

మేజరుగారికి.

అంబులెన్సు వచ్చింది. కోటును స్ట్రెచరెక్కించలేరు కదా, డ్రైవరూ నర్సూ బీన్సు చారు తాగి వెళ్లారు. మా భోజనాల బల్ల దగ్గర ముగ్గురు కూర్చుని ఎన్నాళ్లయిందో.

వెండెల్ పోయి నాలుగేళ్లు. మీ విమానం వచ్చే రోజు ఊరాఫీసు గోడ మీద కాగితం అంటిస్తారు. అది చూసొచ్చి ఆయన టోపీ పెట్టుకుని నన్ను పిలిచేవారు: "బయటికి రావే. పై నించి లెక్క పెట్టుకుంటున్నారు. నేనొక్కడినే ఉన్నాననుకుంటారు."

ఆయన పోయాక మొదటి వసంతంలో గుమ్మంలోకొచ్చి నిలబడ్డాను. ఇక్కడ ఒక్కతే ఉందని అన్ని దేశాలూ రాసుకుంటాయని తోచి భయమేసింది. పరుగున వెళ్లి చెట్టు పక్క గుంజకి ఆయన కోటు తొడిగి టోపీ పెట్టాను. అప్పట్నించి ఏటా అంతే. నాకు చాలా ఒంటరిగా ఉంది మేజరుగారూ. మీ పని ఆగిపోకూడదని నిజం చెప్పాను. ఒక్కరని రాయకుండా దారేమైనా ఉంటే చూడండి.

పిరోష్కా

తా.క. మళ్లీ ఎగిరేట్టయితే కాస్త ముందుగా గోడ మీద అంటించండి. చల్లగా ఉన్నారని మీరు రాసినప్పట్నించి నా మనసు మనసులో లేదు.

ఏప్రిల్ 3

పిరోష్కా పిన్నిగారికి టివదార్ నమస్కరించి రాయునది.

కోటు సంగతి తనిఖీవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొత్త కెమెరా సరిగానే చూసిందని ఒప్పుకుని సంతకాలు పెట్టారు. నార్వే ఆయన, "ఇంకోసారి ఎగిరి చూద్దాం" అన్నాడు. అవసరం లేదు. అయినా ఎవరూ కాదనలేదు. నాలుగు రోజుల ముందే గోడ మీద కాగితం అంటించమని నేనే చెప్పాను.

మంగళవారం రెండు కెమెరాలూ ఇద్దరినే చూపించాయి. కెమెరా చూపించినదాన్ని మార్చి రాసే అధికారం మాకెవరికీ లేదు. ఇద్దరు అని రాశాం. ఒప్పందం ప్రకారం ఆ కాగితం అన్ని దేశాలకూ వెళ్తుంది.

మీ టివదార్

తా.క. కోటు జేబుల్లో ఇటుకలు మరీ ఎక్కువ కాల్చి పెట్టినట్టున్నారు. ఆయన మీకన్నా చాలా వెచ్చగా కనబడ్డారు. ఈసారి శాలువా కప్పుకుని నిలబడండి.