గోడ తాగిన నీళ్ళు

బాబాయ్‌కి నమస్కారాలు. మేం క్షేమమని రాయలేను, పసిదానికి దగ్గు తగ్గలేదు.

మా పడగ్గది గోడకి బూజు పడితే, "ఇంట్లో తడిబట్టలు ఆరేస్తే పట్టదూ?" అని మేడమీంచే తీర్పు చెప్పేశారు. సరే, బట్టలు బయటే ఆరేశాను. తేమ లాగే మిషన్ కొని, తలుపులు, కిటికీలు మూసి నడిపాను. దాని డబ్బా రోజూ నిండింది. మీరూ పిన్నీ ఊరెళ్ళాక నీళ్ళు తగ్గుతూ తగ్గుతూ, చివరికి డబ్బా అడుగు కూడా తడవలేదు. మీరొచ్చి స్నానాలు మొదలెట్టారు, మళ్ళీ నిండింది. మా గోడలోంచి దిగే మీ స్నానాలగది పైపు కారుతుంటే నా బట్టల మీద పడతారేం?

ఇల్లు ఖాళీ చేయమన్నా చేయను. పైపు బాగుచేయించేదాకా ఆ డబ్బా రోజూ మీ గుమ్మంలో పెడతాను. మీ నీళ్ళు మీరే పారబోసుకోండి.

మీ అన్నయ్య కూతురు