ఎడమవైపు రెండో వరుస

గుణదల,
జనవరి 20

ఫిలోమినా గారికి,

ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. మొన్న ఆదివారం చర్చిలో, మనం తెలుగు మాటలు పెట్టుకున్న ఆ చెక్ దేశపు స్వరకర్త పాటే పాడిస్తూ ఉన్నాను. ఆయన వందేళ్ల కిందట ఊరూరా థియేటర్లలో ఇతరుల సంగీతానికే వాద్యబృందాన్ని నడిపే కండక్టర్‌గా బతికాడనీ, సొంత పాటలు పెట్టెలోనే ఉండిపోయాయనీ మీరే చెప్పారు.

ఆడవాళ్లలో మంద్రంగా పాడే ఆల్టో గొంతులు అందుకోవలసిన చోట నేను ఎడమవైపు రెండో వరుసకి చెయ్యి చూపించాను. అది మీ చోటు. మీరు అవనిగడ్డకి బదిలీ అయ్యాక కొత్త కీబోర్డు అక్కడ పెట్టి, ఆల్టో వాళ్లని కుడివైపుకి మార్చింది నేనే. ఎవరూ అందుకోలేదు. పాట ఆగిపోయింది.

"ఎవర్ని పిలుస్తున్నారు మాస్టారూ?" అని కుడివైపు ఆల్టోల్లోంచి కృప నవ్వింది. వయసైపోయిందమ్మా అన్నాను.

ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకి మళ్లీ ఆ పాటే. ఒక్కసారి రండి. పాడకపోయినా సరే, ఆ చోట నిలబడండి. నా పెట్టెలోనూ ఒక పాట ఉంది. ఆల్టో ఒక్కరికే రాసింది.

రాలేకపోతే ఇబ్బంది పడకండి, పాట ఆగదు. "నేనెటు చెయ్యి చూపినా మీరు అందుకోండమ్మా" అని కుడివైపు వాళ్లకి చెప్పి ఉంచాను.

మీ క్వయర్ మాస్టారు