కొయ్య లేని కప్పు

1944 మే, ఆదివారం

యుద్ధం మూలంగా దూలాలకు కొయ్య దొరకడం లేదు. మా ఇంటి గోడలు లేచి ఏడాదైనా పైన కప్పు పడలేదు. ఈరోజు నా భార్య మునెమ్మనూ, ఆమె తమ్ముడు చెంగయ్యనూ చంద్రగిరి కోట చూడడానికి తీసుకెళ్లాను. రాజమహల్లో వాళ్లు కిటికీలు, మెట్లు చూస్తుంటే నేను కప్పునే చూస్తూ నిలబడ్డాను. ఎక్కడా కొయ్య లేదు. అంతా రాయి, ఇటుక, సున్నం.

"మన ఇంటికీ ఇట్లే కడతా," అన్నాను.

"అది రాజులు కట్టించింది బావా! నీకు తాపీ పట్టేది నేర్పినోడే లేడు కదప్పా," అని చెంగయ్య పగలబడి నవ్వాడు.

మునెమ్మ నవ్వలేదు. "పిల్లోళ్ల మీద పడితే?" అంది.

ఆమెకు జవాబు ఇప్పుడు, ఇది రాస్తుంటే తోచింది. కడతాను. మొదటి వానాకాలమంతా దాని కింద నేనొక్కణ్ణే పడుకుంటాను. ఆ తర్వాతే మునెమ్మనూ, పిల్లల్నీ లోపలికి రమ్మంటాను.