డైనింగ్ హాల్లో దుమ్ములగొండి

సుగుణక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నాటింగ్‌హామ్‌లో మనిద్దరం పనిచేసిన వృద్ధుల కేర్ హోమ్‌లో డైనింగ్ హాలుకు కొత్త రంగు వేశారు. గోడకు పెట్టడానికి ఫొటోలేమైనా ఉన్నాయా అని మేనేజర్ అడిగితే, కెన్యా సఫారీలో నువ్వు తీసిన దుమ్ములగొండి ఫొటో ఇచ్చాను.

డ్యూటీల రోటాలో ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికిందని ఎంత సంబరపడ్డాం! ఆ పొద్దున, దగ్గర్లో సింహం ఉందని డ్రైవర్ తొందరపెట్టాడు. జీపులో అందరూ పదమన్నారు. నువ్వు మాత్రం బొరియ ముందు పిల్లలకు పాలిస్తున్న ఆ తల్లి మీద నుంచి కెమెరా తిప్పలేదు.

"సింహం వెళ్ళిపోద్దక్కా," అన్నాను.

"పోనియ్యే. దాన్ని అందరూ తీస్తారు. దీన్నెవరు తీస్తారు?" అన్నావు.

మనం వెళ్ళేసరికి సింహం లేదు. తిరుగుదారంతా ఎవరూ మనతో మాట్లాడలేదు. నువ్వేమో కెమెరాలో ఆ పిల్లల్ని చూసుకుంటూ నవ్వుకుంటూనే ఉన్నావు.

"సింహం ఫొటో లేదా?" అని మేనేజర్ మొహం చిట్లించింది. అయినా తగిలించింది.

భర్త పోయాక గది దాటి రాని మార్గరెట్‌ను ఇవాళ బతిమాలి భోజనానికి తీసుకొచ్చాను. ఆమె ఫొటో ముందు ఆగిపోయింది. చాలాసేపు చూసి, "పిల్లలు ముద్దుగా ఉన్నాయి. ఎవరు తీశారు?" అని అడిగింది. నీ పేరు చెప్పాను.

"సుగూనా," అంది. తింటూ తింటూ మళ్ళీ అలాగే అంది. నేను దిద్దలేదు. ఆ హాల్లో ఎవరో నిన్ను మళ్ళీ పేరుపెట్టి పిలుస్తుంటే, వింటూ కూర్చున్నాను.

నీ చెల్లి
కరుణ