నాలుగు మడతల కాగితం

అన్నయ్యకు,

రిటైరయ్యాక పరాయి దేశంలో హాయిగా బతకాలంటే ఎంత కావాలని నువ్వు నన్ను అడగడమా! అయిదేళ్ల క్రితం నేను కుట్టుమిషను అమ్మేసి ఇక్కడికి బయల్దేరుతుంటే, "నీ డబ్బు మూడేళ్లకే హారతి కర్పూరమైపోతుందే, తర్వాత నా పంచన చేరాల్సిందే" అంటూ కాగితం నిండా లెక్కలు వేసిచ్చావు. ఆ కర్పూరం ఇంకా సగానికి పైనే ఉంది!

నీ కూడికలో తప్పు లేదులే. కారు, పనిమనిషి, మూడు గదులు, అదంతా నీకు కావలసిన సుఖం. నాకు రేవు కనిపించే ఒక్క గది, చేపలమ్మే ఆవిడతో రోజూ బేరం చాలు.

నువ్వూ వదినా వచ్చి చూడండి. నీ కాగితం భద్రంగానే ఉంది. నాలుగు మడతలు పెట్టి, ఊగే బల్ల కాలి కింద దోపాను. అప్పట్నుంచి బల్ల కదిలితే ఒట్టు.

నీ చెల్లెలు