చీకట్లో వాడవలసిన జిగురు

మే 9, వెస్టరోలెన్ దీవులు, నార్వే

ఘెంట్ జిగురు కంపెనీ పెద్దలకు అస్మున్ ఎలియాసెన్ రాయునది.

నా ఫిడేలు కడుపులో పొడుగునా ఉండే చెక్క బద్ద రెండేళ్ల క్రితం ఊడిపోయింది. అప్పటి నుంచి అది జలుబు చేసిన మనిషిలా పలుకుతోంది. విప్పించాలంటే దక్షిణాదికి పంపాలి, ఏడాది పడుతుంది. మీ జిగురైతే విప్పనక్కర్లేదట. పై చిల్లులోంచి పూసి, రెండు సీసాల మందు సన్నని గొట్టంలో కలిపి లోపలికి దూరిస్తే, ఆ మందు దానంతట అదే నీలంగా వెలుగుతుందనీ, ఆ వెలుగుకే జిగురు గట్టిపడుతుందనీ మీ కాగితంలో చదివి మూడు పెట్టెలు తెప్పించాను.

మొదటి పెట్టె కిటికీ దగ్గర కూర్చుని విప్పాను. సీసాల మూత కూడా తీయకముందే జిగురు, పూసే పుల్ల మీదే రాయైపోయింది.

జూన్ 28న మా ఊరి బోర్గిల్ పెళ్లి. మా దగ్గర పెళ్లివారు చర్చికి నడిచేటప్పుడు ముందు ఫిడేలు నడవాలి. నా ఫిడేలు మూలంగా ఈ పెళ్లి ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి కూడా పడితే బూడో పట్నంలో ఉన్న అక్క దగ్గరికి శాశ్వతంగా వెళ్లిపోతానంటోంది బోర్గిల్. అన్నంత పనీ చేసే మనిషి.

ఇట్లు,
అస్మున్ ఎలియాసెన్

తా.క. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. పుల్ల ఇంకా కుడి బొటనవేలికే ఉంది. జిగురు మంచిదే.

*

మే 16, ఘెంట్

శ్రీ అస్మున్ ఎలియాసెన్ గారికి నమస్కారం.

మీకు కలిగిన ఇబ్బందికి కంపెనీ విచారిస్తోంది. ఎండలో కూడా ఆ నీలం వెలుగు కలిసి ఉంటుంది. కాబట్టి పగలు మూత తీస్తే జిగురు వెంటనే గట్టిపడుతుంది. దయచేసి సూర్యుడు అస్తమించాక, దీపాలు ఆర్పి పని మొదలుపెట్టండి. ఒక్క సాయంత్రం ఓపిక పడితే చాలు.

భవదీయురాలు,
గోడెలీవ్ మార్టెన్స్,
ఖాతాదారుల ఉత్తరాల విభాగం

తా.క. వేలిని గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టండి. లాగకండి.

*

మే 28

గోడెలీవ్ మార్టెన్స్ గారికి అస్మున్ రాయునది.

మీ ఉత్తరం అంది ఐదు రోజులైంది. కంపెనీ చెప్పినట్టు చేయకపోతే పూచీ లేదని మీ కాగితంలోనే అచ్చేశారు కనుక, సూర్యాస్తమయం కోసం ఆరుబయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సూర్యుడు అస్తమించలేదు. సముద్రం దాకా దిగినట్టే దిగి, మళ్లీ పైకి పోతున్నాడు. పక్కింటి రేయ్‌దార్‌ని అడిగితే జూలై ఇరవై దాటాక చూసుకోమన్నాడు. పెళ్లేమో జూన్‌లో. ఈ విషయంలో కంపెనీ ఏమైనా చేయగలదా?

ఇట్లు,
అస్మున్

తా.క. ఎండలో ఎందుకు కూర్చున్నావని బోర్గిల్ అడిగింది. చీకటి కోసమని చెప్పాను. రెండు రోజులుగా ఇటు రావడం లేదు.

*

జూన్ 4, ఘెంట్

అస్మున్ గారికి నమస్కారం.

ఇది ఆఫీసు ఉత్తరం అనుకోకండి. మీ ఉత్తరం మూడుసార్లు చదివి, మధ్యాహ్నం భోజనం కూడా సరిగా చేయలేకపోయాను. మా నాన్నగారు కూడా చివరి రోజుల్లో ఇలాగే, ఇంకా తెల్లవారలేదని వాదించేవారు. మీరు ఒంటరిగా ఉంటున్నారా? నిద్ర పడుతోందా? సూర్యుడు ఎక్కడైనా అస్తమిస్తాడండీ. జూలై దాకా ఆగడు. మీరు తప్పుగా అనుకోనంటే ఒక మాట: మీ ఊరి నర్సుగారికి నేనొక ఉత్తరం రాశాను. ఆవిడ వచ్చి ఒకసారి చూసి వెళ్తారు.

మీ మేలు కోరే,
గోడెలీవ్

తా.క. ఒక ఫిడేలు కోసం పెళ్లి రెండుసార్లు వాయిదా పడినా నోరెత్తని ఆ పెళ్లికొడుకు ఎవరో గానీ, వీలైతే నర్సుగారికి అతన్ని కూడా చూపించండి.

*

జూన్ 11

గోడెలీవ్ గారికి.

నాకు మతి బాగానే ఉంది. మీ ఆఫీసు గోడ మీద ప్రపంచ పటం ఉంటే దానిలో మా దీవులు ఎంత పైన ఉన్నాయో చూడండి. ఇంత ఉత్తరాన వేసవిలో రెండు నెలలు సూర్యుడు అస్తమించడు. పటం చిన్నదైతే మేము చట్రం కిందికి పోయి ఉంటాం.

మీ జవాబు కోసం ఆగకుండా రెండో పెట్టె తీసుకుని బంగాళాదుంపల నేలమాళిగలోకి దిగాను. చీకటి ఉంది. సీసాలు కలిపితే వెలుగు కూడా వచ్చింది. కానీ అక్కడ చలి. ఆ వెలుగు రెండు గంటల పాటు మినుకుమినుకుమంటూనే ఉంది తప్ప బలం పుంజుకోలేదు. జిగురు తేనెలా జారి బయటికొచ్చేసింది. తుడిచేశాను. ఇక ఒక్క పెట్టే మిగిలింది, పదిహేడు రోజులున్నాయి. బోర్గిల్ అటకమీంచి ప్రయాణం పెట్టె దింపి దుమ్ము దులుపుతోందని రేయ్‌దార్ చెప్పాడు. గోడెలీవ్ గారూ, నాకు భయంగా ఉంది.

అస్మున్

తా.క. పెళ్లికొడుకు గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. వాణ్ణి చిన్నప్పటి నుంచి ఎరుగుదును. మాట ఎప్పుడూ నోరు దాటి రాదు.

*

జూన్ 17, ఘెంట్

అస్మున్ గారికి వేయి క్షమాపణలతో.

పటం చూశాను. ఆఫీసంతా పగలబడి నవ్వింది. నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మా మందు వెలుగుకు చలి పడదు. వెచ్చగా ఉంటే పది నిమిషాల్లోనే ధగధగా వెలిగి పని పూర్తి చేస్తుంది. అంటే మీకు చీకటితో పాటు వెచ్చదనం కూడా కావాలి. మీ దగ్గర బాతు ఈకల దుప్పటి ఉంటే కిటికీల తెరలన్నీ వేసేసి, ఫిడేలుతో సహా దాని కింద దూరండి. ఇది కంపెనీ సలహా కాదు, నాది. పూచీ కూడా నాదే.

మీ,
గోడెలీవ్

తా.క. నర్సుగారికి రాసిన ఉత్తరం వెనక్కి రప్పించలేకపోయాను. ఆవిడ వస్తే కాఫీ ఇవ్వండి.

*

జూలై 1

అమ్మాయి గోడెలీవ్‌కు అస్మున్ దీవించి రాయునది.

నీ ఉత్తరం అందిన రోజే తెరలు వేసి దుప్పటి కింద దూరాను. తడుముకుంటూ జిగురు పూసి, గొట్టం దూర్చి, నిమిషాలు లెక్కపెడుతున్నాను. ఆరో నిమిషంలో నర్సు వచ్చింది. మా దగ్గర తలుపు తట్టే అలవాటు లేదు. మంచం మీద దుప్పటి నీలంగా వెలుగుతోంది, లోపలి నుంచి అంకెలు వినపడుతున్నాయి. గుమ్మంలోంచే “ఏం మింగావయ్యా?” అంది. ఇంకో నాలుగు నిమిషాలు పడుతుంది, కూర్చోమన్నాను. పాపం, కూర్చుంది. తర్వాత ఫిడేలు తీసి తీగ మీద కమాను ఆనించాను. రెండేళ్ల తర్వాత దాని గొంతు దానికి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. నర్సు అదేదో కాగితం మీద రాసుకుంది.

మొన్న శనివారం పెళ్లివారంతా దారిలో బారులు తీరారు. ఫిడేలు ముందు నడవాలి, పెళ్లికొడుకు పెళ్లికూతురి పక్కన నడవాలి అని పాస్టరుగారు వరస చెప్పారు. అందరూ నా వైపు చూశారు. నీకు చెప్పడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదమ్మా, నోరెత్తని ఆ పెళ్లికొడుకును నేనే.

ఇంకెవరి చేతనైనా వాయించుకోవచ్చు కదా అంటావేమో. నలభై ఏళ్లు నా మనసులో మాట బోర్గిల్‌ను నోటితో అడగలేకపోయాను. చివరికి ఒకరోజు ఆమె గుమ్మంలో నిలబడి పెళ్లి పాట వాయించాను, అదే నేను అడగడం. సరేనంది. నెల తిరగకుండా బద్ద ఊడింది. “పెళ్లినాడు మళ్లీ అదే ఫిడేలుతో అడగాలి, లేకపోతే నువ్వు అడిగినట్టే కాదు” అని బోర్గిల్ పట్టు పట్టింది. కానీ వాయించేవాడూ పెళ్లికొడుకూ ఒక్కడే అయితే ఎక్కడ నడవాలన్నది ఈ రెండేళ్లలో మా ఇద్దరికీ తట్టలేదు.

నేను దారి మధ్యలో కొయ్యబారి నిలబడ్డాను. బోర్గిల్ వరస తప్పించుకుని ముందుకొచ్చి, నా కోటు అంచు గట్టిగా పట్టుకుని, “ఊ, నడు” అంది. చర్చి దాకా వాయిస్తూనే నడిచాను. ఆమె ఎక్కడా వదల్లేదు.

ఇట్లు,
అస్మున్, బోర్గిల్

తా.క. చర్చిలో “సమ్మతమే” అని నోటితోనే చెప్పాలట. చెప్పాను. వినపడలేదని పాస్టరుగారు మళ్లీ అడిగారు. రెండోసారి రేవు దాకా వినపడిందట.