గయలో చెప్పని పేరు

పోసక్కా, నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను. సాంచి, సారనాథ్ చూసి బుద్ధగయ వచ్చాం. బుద్ధుడి ముందు అందరూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. నేను మూస్తే మన కొడుకు తిరుపతిని తీసుకుపోయిన ఇంద్రావతి వరదే కనిపించింది.

నువ్వు పెట్టి రమ్మన్నావని పక్కనే ఉన్న గయలో పిండం పట్టుకుని కూర్చున్నాను. పంతులు పేరు అడిగాడు. "చెప్పన్నా. శవం దొరకకపాయె, పిలగానికి తొవ్వన్న దొరకాలె గదా" అన్నాడు మాతో వచ్చిన కిరాణం దత్తయ్య. తిరుపతి పేరు చెప్పలేదు. మా నాయన పేరు చెప్పి లేచాను.

అంకిస ఊళ్లో ఉన్న మన పొలానికి నీళ్లు పెట్టించావా? బర్రె ఈనిందా? మోకాళ్లకు నూనె రాసుకో. వదినకు దండాలు చెప్పు. రాత్రి తలుపు గడియ మాత్రం పెట్టకు.

కిష్టయ్య